గ్రంథాలయంలో ఫోటోల పోటీ: కారమడై పిల్లల చేతిలో ఊరి చరిత్ర

మాసి మఖం వేళ కారమడై రంగనాథస్వామి తేరు కదులుతున్నప్పుడు వీధి కొసదాకా జనమే. దివిటీలు పట్టి ఆడే పందసేవ, తోలుతిత్తులతో నీరు చల్లే తన్నీరుసేవ చూడడానికి కొంగునాడు నలుమూలల నుండి భక్తులు వస్తారు. ఆ జనంలో తలలపైకి లేచిన చేతులను గమనిస్తే, దండం పెట్టే చేతులతో సమానంగా సెల్‌ఫోను పట్టిన చేతులూ కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం బడికీ కాలేజీకీ పోయే పిల్లలవే. ఒక్క సాయంత్రంలోనే ఆ ఊరిలో తీసే ఫోటోలు వేలలో ఉంటాయి.

ఏడాది తిరిగేసరికి అవి ఏమవుతాయి? కొన్ని చోటు చాలక తుడిచివేయబడతాయి. కొన్ని పాత ఫోనుతో పాటు పోతాయి. మిగిలినవాటిలో ఉన్నదెవరో, ఏ వీధిలో తీసినదో, ఏ సంవత్సరానిదో తీసినవారికే గుర్తుండదు. ఫోటోలకు నేడు కరవు లేదు. ఫోటోకు పేరు పెట్టి, తేదీ వేసి, నలుగురికీ అందేచోట దాచే పనికే కరవు. ఆ పని గ్రంథాలయానిది. పదమూడు నుండి పందొమ్మిది ఏళ్ళ పిల్లలకు గ్రంథాలయం నడిపే ఫోటోల పోటీని ఈ దృష్టితో చూచినప్పుడే దాని విలువ తెలుస్తుంది. తెలుగు ఇంటి మాటగా నిలిచి, బడి చదువుగా నిలవని కారమడై వంటి చోట్ల ఆ విలువ మరింత పెద్దది.

పుస్తకాల ఇంట్లో ఫోటోలకు చోటు

గ్రంథాలయమంటే పుస్తకాలు అరువిచ్చే చోటు మాత్రమేనని చాలామంది అభిప్రాయం. భారతదేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ తమిళనాడులోని శీర్గాళి వాసి. ఆయన 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో చివరిది, గ్రంథాలయం ఎదిగే ప్రాణి వంటిదని చెబుతుంది. ఎదగడమంటే కొత్త పుస్తకాలు కొనడమొక్కటే కాదు. ఊరు తన గురించి తాను తయారుచేసుకొన్న వస్తువులు కూడా ఆ గూటిలోకి చేరాలి. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య, యునెస్కో కలిసి 1994లో వెలువరించి 2022లో సవరించిన ప్రజా గ్రంథాలయ ప్రకటన కూడా స్థానిక వారసత్వాన్ని, స్థానిక జ్ఞానాన్ని భద్రపరచి అందరికీ అందించడం గ్రంథాలయ బాధ్యతలలో ఒకటిగా పేర్కొన్నది.

తమిళనాడులో ఈ బాధ్యతకు చట్టబలం కూడా ఉన్నది. స్వతంత్ర భారతంలో తొలి ప్రజా గ్రంథాలయ చట్టం 1948లో నాటి మద్రాసు రాష్ట్రంలోనే వచ్చింది. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సుంకం వసూలు చేసే పద్ధతి దానితోనే మొదలైంది. నేడు ఆ సుంకం ఆస్తిపన్నుపై నూటికి పది వంతులు. 2021లో పురపాలక సంఘంగా మారిన కారమడైలో ఇల్లుగల ప్రతివాడూ పన్ను కట్టినప్పుడల్లా గ్రంథాలయానికి కూడా కొంత కడుతున్నాడు. కనుక తన వీధి, తన తాత, తన మగ్గం ఆ గ్రంథాలయంలో కనిపించాలని కోరే హక్కు అతనికి ఉన్నది.

తెలుగువారికి ఈ ఆలోచన కొత్తది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలపై పడవలో గ్రంథాలయం నడిపించారు. చదివేవారు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే వారి దగ్గరకు పోవాలన్నది ఆ ఉద్యమం నేర్పిన పాఠం. నేటి పిల్లలు ఉన్నది ఫోను దగ్గర. గ్రంథాలయం పోవలసినదీ అక్కడికే.

అమెరికాలో కౌమార వయస్కుల గ్రంథాలయ సేవలను చూచే సంఘం 1998 నుండి పఠన వారోత్సవాన్ని, 2007 నుండి సాంకేతిక వారోత్సవాన్ని జరిపి, 2019లో రెండింటినీ కలిపి అక్టోబరు నెలంతా జరిగే ఉత్సవంగా మార్చింది. అక్కడి చిన్న చిన్న ఊళ్ళ గ్రంథాలయాలు కూడా ఈ వయసు పిల్లలకు ఫోటోల పోటీలు పెట్టి, ఎంపికైన వాటిని గోడలకు తగిలిస్తుంటాయి. మన దేశంలో నవంబరు 14 నుండి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలలో వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు ఏనాటి నుండో ఉన్నాయి. ఫోటోల పోటీ వాటి పక్కన చేర్చవలసిన మరొక అంశం మాత్రమే. అందుకు కొత్త భవనం అక్కరలేదు, కొత్త ఉద్యోగి అక్కరలేదు.

పాత ఫోటోలు చెప్పేది, చెప్పనిది

ఒక్క ఫోటో ఎంత పని చేయగలదో తెలుసుకొనడానికి మదురై మంచి సాక్ష్యం. మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా పనిచేసిన లిన్నేయస్ ట్రైప్ 1858లో అక్కడి మీనాక్షి ఆలయాన్ని, తిరుమల నాయకుని మహలును ఫోటోలు తీశాడు. 1529లో విశ్వనాథ నాయకునితో మొదలైన తెలుగు నాయకుల పాలనకు గుర్తుగా నిలిచిన ఆ మహలు అప్పటికి శిథిలమై ఉన్నది. 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు దానికి మరమ్మతులు చేయించాడు. మరమ్మతుకు ముందు ఆ కట్టడం ఏ స్థితిలో ఉండేదో నేడు కంటితో చూడగలుగుతున్నామంటే అది ట్రైప్ ఫోటోల వలననే.

అయితే ఆ ఫోటోలలో రాళ్ళున్నంతగా మనుషులు లేరు. నాటి కాగితపు నెగెటివుకు చాలాసేపు వెలుగు తగలాలి. కదిలే మనిషి దానిమీద నిలిచేవాడు కాదు. తరువాతి కాలంలో కెమెరా వేగం పెరిగి మనుషులు ఫోటోలలోకి వచ్చారు గాని వారి పేర్లు రాలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణ భారత కులాల గ్రంథంలో తెలుగు మాట్లాడే జనాల ఫోటోలు కూడా ఉన్నాయి. వాటి కింద సాధారణంగా కులం పేరే ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఎదుట నిలబడినవాడు ఎవరి తాతో, ఏ ఊరివాడో ఇక తెలుసుకొనే మార్గం లేదు.

ఆ తరువాత ఊరూరా స్టూడియోలు వెలిశాయి. పెళ్ళి ఫోటో, షష్టిపూర్తి ఫోటో, కొడుకు బడిలో చేరిననాటి ఫోటో చెక్క చట్రంలో ఇంటి గోడకెక్కాయి. తెలుగు సినిమాకు ఆద్యుడైన రఘుపతి వెంకయ్య నాయుడు కూడా మద్రాసులో ఫోటో స్టూడియో నడిపినవారే. తమిళనాడులోని ఇటువంటి పాత స్టూడియో ఫోటోలు పాడైపోకుండా పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో డిజిటల్ ప్రతులు తీయించి భద్రపరచింది. స్టూడియో మూతపడినప్పుడు నెగెటివుల పెట్టె పాత ఇనుప సామాను అంగడికి పోవడమే సాధారణంగా జరిగేది.

కోయంబత్తూరు తెలుగువారికి ఈ విషయంలో చెప్పుకోదగిన పూర్వికుడు ఉన్నాడు. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు పేరు చెప్పగానే యంత్రాలు, బస్సులు గుర్తుకు వస్తాయి. ఆయనకు కెమెరా మీద మక్కువ కూడా అంతే. 1936లో లండన్‌లో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను ఆయన స్వయంగా చిత్రీకరించారు. పల్లెటూరి రైతు బిడ్డ కెమెరా పట్టి చక్రవర్తి అంతిమయాత్రను తీయగలిగినప్పుడు, కారమడై పిల్లవాడు తన ఊరి తేరునూ తన అవ్వ చేతి చేటనూ తీయడం అసాధ్యమేమీ కాదు.

కారమడైకి ఇది ఎందుకు అవసరం

కారై పొదలతో నిండిన అడవిలో ఆవు పాలు వదిలిన చోట స్వామి వెలిశాడని కారమడై స్థలపురాణం. ఆ అడవిలో ఆవులను మేపుకొంటూ బతికినవారు తొట్టియలని ఆ కథే చెబుతుంది. తొట్టియల ఇంటి భాష తెలుగు. అంటే ఈ ఊరి మొదటి కథలోనే తెలుగువారు ఉన్నారు. విజయనగర కాలంలోను, మదురై నాయకుల కాలంలోను వచ్చిన కుటుంబాలు కొంగునాటి నల్లరేగడిలో సేద్యం చేశాయి. తెలుగు, కన్నడం ఇంటి భాషలుగా గల దేవాంగులు మగ్గాలు నేశారు. కారమడైకి దగ్గరలోని సిరుముగై నేటికీ పట్టు నేతకు పేరుగన్నది. కోయంబత్తూరు పరిసరాలలో తోలు పని, పారిశుద్ధ్యం పని చేస్తూ వచ్చిన అరుంధతీయులలో చాలామంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగే.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 5.87 శాతం, అంటే సుమారు 42 లక్షల మంది. ఇంత జనమున్నా కొంగునాటి పిల్లలలో తెలుగు చదవగలవారు అరుదు. ఇంట్లో అవ్వతో మాట్లాడే భాష ఒకటి, బడిలో వ్రాసే భాష మరొకటి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006–07లో ఒకటవ తరగతితో మొదలైన నిర్బంధ తమిళం ఏటా ఒక్కో తరగతి పెరిగి 2015–16 నాటికి పదవ తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మినహాయింపు కోసం కొన్ని సంఘాలు న్యాయస్థానాలకు వెళ్ళాయి. కాని కారమడై ప్రాంతంలో ఎన్నో తరాలుగా పిల్లలు తమిళంలోనే చదువుకొంటూ వచ్చారు కనుక అక్కడి సమస్య పూర్తిగా పరీక్షలకు సంబంధించినది కాదు. మాట ఉన్నది, వ్రాత లేదు. వ్రాత లేని మాట వస్తువుతో పాటే పోతుంది.

ఇందుకు కపిల బావి ఒక ఉదాహరణ. కోయంబత్తూరు ప్రాంతపు సేద్యం ఒకప్పుడు లోతైన బావుల మీద, వాటిలోనుండి ఎద్దులతో నీరు తోడే కపిల మీద ఆధారపడి నడిచింది. తమిళంలో దాన్ని కవలై అంటారు. కరెంటు మోటార్లు వచ్చిన తరువాత కపిలలు ఆగిపోయాయి. నేడు అక్కడక్కడా బావిగట్టు మీద రాతి కంబాలు మాత్రం మిగిలి ఉంటాయి. ఆ రాళ్ళు దేనికోసమో పదిహేనేళ్ళ పిల్లవానికి తెలియదు. గిలక, మోకు, తోలు బొక్కెన, ఎద్దులు వెనక్కు నడిచే వాలు బాట, వీటన్నిటి పేర్లూ తాత నోట ఉన్నాయి. ఆ రాతి కంబాల ఫోటో తీసి, తాతను అడిగి, ఆ పేర్లు కింద వ్రాసినప్పుడు ఫోటోతో పాటు ఒక చిన్న నిఘంటువు కూడా గ్రంథాలయంలో చేరుతుంది.

అదే ఫోటో మరొక సంగతి కూడా చెప్పాలి. బావి రైతుది కావచ్చు, కాని తోలు బొక్కెనను కుట్టినవాడు వేరొక వీధివాడు. అతని ఇంటి భాష కూడా తెలుగే. ఊరి చరిత్ర పేరుతో పెద్ద ఇళ్ళ దూలాలు, తేరు బొమ్మలు మాత్రమే తీసి ఊరుకొంటే ఆ రెండవ వీధి మరొకసారి చిత్రం బయటే ఉండిపోతుంది. కనుక పోటీ ప్రకటన అన్ని వీధులకూ, అన్ని బడులకూ చేరాలి.

పోటీ నడిపే తీరు

పోటీ విజయం మొదట అంశం ఎంపికలో ఉన్నది. అందమైన ప్రకృతి అని ప్రకటిస్తే సూర్యాస్తమయాలు, పువ్వులు, పిల్లికూనలు వచ్చి పడతాయి. అవి ఎక్కడివైనా ఒకటే. మా ఇంటి పాత వస్తువు, మా వీధి పని, మా ఊరి నీరు, పండుగనాటి చేతులు వంటి అంశాలు ఇస్తే పిల్లవాడు తన చుట్టూ చూడక తప్పదు. ఏడాదికి ఒక్క అంశమే చాలు. పదేళ్ళలో పది అంశాల సంపుటాలు తయారవుతాయి.

పదమూడు నుండి పదిహేను, పదహారు నుండి పందొమ్మిది అని వయసును బట్టి రెండు విభాగాలు చేయడం న్యాయం. ప్రవేశ రుసుము ఉండకూడదు. సొంత ఫోను లేని పిల్లలకు గ్రంథాలయం ఒక పూట కెమెరా ఎరువివ్వవచ్చు, లేదా ఇద్దరు కలిసి ఒకే ఫోనుతో తీయడానికి అనుమతించవచ్చు. ఈ ఒక్క నియమం లేకపోతే పోటీ ఫోనుల ఖరీదుల పోటీగా మారుతుంది.

ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే దాని పరిమాణం తగ్గిపోతుంది, లోపల దాగిన తేదీ, సమయం వివరాలు కూడా పోతాయి. మూల ప్రతిని పెన్‌డ్రైవు ద్వారానో, డాక్యుమెంటు రూపంలోనో తీసుకోవాలి. పన్నెండు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పున స్పష్టంగా ముద్రించాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600, 2400 చుక్కలు, అంటే మొత్తం సుమారు 86 లక్షల చుక్కలు కావాలి. నేటి సాధారణ ఫోనులు కూడా ఇంతకంటె ఎక్కువే ఇస్తాయి. కాబట్టి ఖరీదైన కెమెరా లేదన్న బెంగ అక్కరలేదు.

వెలుగు, నీడ సవరించడం, అంచులు కత్తిరించడం వరకు అనుమతించవచ్చు. లేనిదానిని చేర్చడం, ఉన్నదానిని తుడవడం, కృత్రిమ మేధతో బొమ్మ పుట్టించడం కూడదని ముందే వ్రాయాలి. 2023లో సోనీ ప్రపంచ ఫోటోగ్రఫీ పురస్కారాలలో ఒక విభాగపు బహుమతికి ఎంపికైన జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్‌సెన్, తన చిత్రం కృత్రిమ మేధతో చేసినదని వెల్లడించి బహుమతిని తిరస్కరించాడు. ప్రపంచస్థాయి న్యాయనిర్ణేతలే పోల్చుకోలేకపోయినప్పుడు, ఊరి గ్రంథాలయం తీర్పుకు ముందు పిల్లవానితో అయిదు నిమిషాలు మాట్లాడడమే మంచి పరీక్ష. ఆ ఫోటో ఎక్కడ నిలబడి తీశావు, పక్కన ఎవరున్నారు అని అడిగితే చాలు.

అనుమతుల విషయంలో అశ్రద్ధ తగదు. ఫోటోలో ముఖం స్పష్టంగా కనిపించే వ్యక్తిని ముందుగా అడగాలి. అడగకుండా తీసిన ఫోటో ఎంత బాగున్నా పోటీకి రాకూడదు. చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివారు ఒప్పందం చేసుకోలేరు కనుక వారి దరఖాస్తుపై తల్లి లేదా తండ్రి సంతకం ఉండాలి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా పిల్లల వివరాల సేకరణకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుతున్నది. గోడమీద ప్రదర్శించేటప్పుడు పిల్లవాని పేరు, బడి పేరు చాలు. ఇంటి చిరునామా, ఫోను నంబరు ఎక్కడా బయట పెట్టరాదు.

ఫోటోపై హక్కు తీసిన పిల్లవానిదే. 2012 సవరణ తరువాత భారత కాపీరైటు చట్టం ఫోటో తీసిన వ్యక్తి జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు ఆ హక్కును కాపాడుతుంది. గ్రంథాలయం ప్రదర్శించడానికి, భద్రపరచడానికి, తన ప్రచురణలలో వాడుకొనడానికి అనుమతి మాత్రమే తీసుకోవాలి. హక్కులన్నీ నిర్వాహకులవే అన్న వాక్యం ఏ పోటీ దరఖాస్తులో కనిపించినా తల్లిదండ్రులు ఒకటికి రెండుసార్లు చదివి సంతకం చేయడం మంచిది.

తమిళనాడు ఆలయాలలో సెల్‌ఫోన్ల వాడకాన్ని నిషేధించవలసిందిగా మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2022 డిసెంబరులో ఆదేశించింది. కనుక తేరును వీధిలోనే తీయాలి, గుడి లోపల కాదు. మేట్టుపాళయం రైలుమార్గం 1873 నాటిది, తీయదగినదే. కాని పట్టాల మీద నిలబడి తీసిన ఫోటోను చూడకుండానే తిరస్కరిస్తామని ప్రకటించాలి. అడవి అంచున ఏనుగులు తిరిగే చోట్లకు పిల్లలు ఒంటరిగా పోరాదని కూడా నియమాలలో ఉండాలి.

ఫోటో కింద నాలుగు వాక్యాలు

పోటీలో అన్నిటికంటె ముఖ్యమైన నియమం ఇది. ప్రతి ఫోటోతో పాటు వివరణ ఉండాలి. ఇది ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు తీసినది, దీని గురించి చెప్పినదెవరు అనే నాలుగు ప్రశ్నలకు సమాధానం తమిళంలోనో తెలుగులోనో పిల్లవాని సొంత మాటలలో ఉండాలి. ఆ వస్తువు పేరు మాత్రం రెండు భాషలలోనూ రావాలి. తెలుగింటి చేట తమిళంలో మురం. రోకలి ఉలక్కై. జల్లెడ సల్లడై. మగ్గం తఱి. పడుగు పావు, పేక ఊడై. తేరు రెండు భాషలలోనూ తేరే. ఈ జంట పదాలు ఒక పట్టికగా పెరుగుతుంటే, రెండు భాషలు ఒకే ముంగిట్లో ఎలా కాపురం చేశాయో పిల్లలకు తామే కనుగొన్నట్లు తెలుస్తుంది. తమిళ పిల్లలు కూడా ఈ పోటీలో సమానంగా పాల్గొనాలి. పక్కింటి అవ్వ దగ్గర తెలుగు మాట అడిగి తెచ్చిన తమిళ బాలిక పోటీకి మరింత శోభ.

తెలుగు లిపి రాని పిల్లవాడు ఆ మాటను ఎలా వ్రాయాలి? తమిళ లిపిలో వ్రాయవచ్చు గాని అందులో ఒక చిక్కు ఉన్నది. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. గాలి, కాలి అన్న రెండు తెలుగు మాటలూ ఆ లిపిలో ఒకే రూపం దాలుస్తాయి. అందువలన ఆ మాటను అవ్వ నోటనే పలికించి ఫోనులో రికార్డు చేసి ఫోటోతో పాటు ఇవ్వాలి. తెలుగు వ్రాయగల ఉపాధ్యాయుడో, ఊరి పెద్దో దానిని విని తెలుగు లిపిలో వ్రాసిపెడతాడు. తన ఇంటి మాట మొదటిసారిగా అక్షరాలలో ఎలా ఉంటుందో చూచిన పిల్లవాడు ఆ అక్షరాలను నేర్చుకోవాలనుకోవచ్చు. నేర్చుకోకపోయినా మాట మాత్రం నిలిచింది.

తీర్పులో కూడా ఈ దృష్టి కనిపించాలి. నూరు మార్కులలో చిత్రానికి నలభై, వివరణకు నలభై, అడిగి తెలుసుకొన్న శ్రమకు ఇరవై అని విభజిస్తే, కేవలం మంచి ఫోను ఉన్నవాడు గెలవడు. న్యాయనిర్ణేతలలో ఒక ఫోటోగ్రాఫరు, ఒక ఉపాధ్యాయుడు, ఊరి సంగతులు తెలిసిన ఒక వృద్ధుడో వృద్ధురాలో ఉండాలి.

కాలక్రమం కూడా చక్కగా అమరుతుంది. రంగనాథన్ పుట్టినరోజు సందర్భంగా గ్రంథాలయాధికారుల దినోత్సవం జరిపే ఆగస్టు 12న పోటీని ప్రకటించవచ్చు. 1839లో ఫ్రాన్సు ప్రభుత్వం డాగెరోటైపు ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించిన ఆగస్టు 19న, ప్రపంచ ఫోటోగ్రఫీ దినం పేరుతో ఒక పూట శిక్షణ ఇవ్వవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పిల్లలు ఫోటోలు తీస్తారు. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవంతో పాటు ప్రదర్శన తెరుచుకొంటుంది. తేరు ఫోటోలు ముందటి మాసి మఖానికి తీసినవైనా స్వీకరించవచ్చు.

బహుమతి తరువాత

సాధారణంగా పోటీలు బహుమతి ప్రదానంతో ముగుస్తాయి. గ్రంథాలయం పని అక్కడే మొదలవుతుంది. గెలిచినవే కాక నియమాలకు లోబడి వచ్చిన ఫోటోలన్నీ భద్రపరచాలి. ప్రతి ఫైలుకూ సంవత్సరం, ఊరు, వరుస సంఖ్య వచ్చేలా పేరు పెట్టాలి. వివరణలన్నీ ఒక పట్టికలో చేర్చాలి. ఒక ప్రతి గ్రంథాలయంలోను, ఒక ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలోను ఉంటే ఒకచోట కంప్యూటరు చెడినా రెండవచోట మిగులుతాయి. వీటితో పాటు ముద్రించిన ఆల్బము ఒకటి బైండు చేయించి పుస్తకాల బీరువాలో పెట్టాలి. కరెంటు లేని రోజున కూడా తెరిచి చూడగలిగేది అదే.

వివరాలతో దాచిన ఫోటోకు ఎంత ఆయువు ఉంటుందో ప్రపంచానుభవం చెబుతున్నది. 2010లో నెదర్లాండ్స్‌లో వికీపీడియా సభ్యులు మొదలుపెట్టిన కట్టడాల ఫోటోల పోటీ 2011 నాటికే 1,68,208 చిత్రాలతో గిన్నిస్ గ్రంథంలో చోటు సంపాదించింది. ఆ ఫోటోలు నేటికీ వాడుకలో ఉండడానికి కారణం వాటి సంఖ్య మాత్రమే కాదు. ఏ కట్టడమో, ఎక్కడిదో ప్రతి ఫోటోతోను వ్రాసి ఉండడం. కారమడైకి లక్షలు అక్కరలేదు. ఏటా నలభై ఫోటోలు, నలభై వివరణలు వచ్చినా పదేళ్ళకు నాలుగు వందలు. ఒక ఊరి జ్ఞాపకానికి అది చిన్న నిధి కాదు. మదురైలో 2023 జూలైలో కలైజ్ఞర్ శతజయంతి గ్రంథాలయం తెరుచుకొన్నది. కోయంబత్తూరులో పెరియార్ పేరిట పెద్ద గ్రంథాలయానికి 2024 నవంబరులో శంకుస్థాపన జరిగింది. అటువంటి పెద్ద భవనాలలో ప్రపంచపు పుస్తకాలు దొరుకుతాయి. కారమడై అవ్వ చెప్పిన మాట మాత్రం కారమడై శాఖా గ్రంథాలయం దాచకపోతే మరెక్కడా దొరకదు.

బహుమతి ఏదైనా సరే, పుస్తకమే కావచ్చు. కాని బహుమతి ఇచ్చేనాడు ఫోటో తీసిన పిల్లవానితో పాటు, ఫోటోలో ఉన్న పెద్దవారిని, మాట చెప్పిన అవ్వను కూడా వేదిక మీదికి పిలవాలి. థర్‌స్టన్ గ్రంథంలో పేరు లేకుండా నిలబడినవారి మనుమలు, మునిమనుమలు ఇప్పుడు తమ పేర్లతో గోడమీద ఉంటారు. ఆ పేర్లను వ్రాసింది వారి ఇంటి పిల్లలే అయి ఉంటారు.

పెద్దలు ఎల్లకాలం ఉండరు. పాత బావులను పూడ్చి ఇళ్ళు కడుతున్నారు. ఇంట్లో అవ్వో తాతో ఉన్న ప్రతి పిల్లవానికీ ఈ ఆదివారమే ఒక పని ఉన్నది. పోటీ ప్రకటించినా, ప్రకటించకపోయినా ఇంట్లోని ఒక పాత వస్తువును వెలుతురులో పెట్టి ఫోటో తీయాలి. దీనిని ఏమంటారవ్వా అని అడగాలి. ఆమె చెప్పిన మాటను తేదీ వేసి వ్రాసుకోవాలి. ఆ కాగితం చేతబట్టుకొని గ్రంథాలయం మెట్లెక్కితే, పోటీ పెట్టవలసిన అవసరం గ్రంథాలయాధికారికి వేరుగా చెప్పనక్కరలేదు.